ఏడో నంబరు చొక్కా

కాలేజీ స్టాఫ్ క్వార్టర్స్,
దుమ్ముగూడెం రోడ్డు, భద్రాచలం
11 ఆగస్టు 2024

సోనీకి సలాం.

ఉద్యోగం వచ్చింది. నవ్వకుండా చదువు. నా హోదా క్రీడా గణాంక అధికారిణి. ఇలాంటి కుర్చీ జిల్లాలో ఇంకొకటి లేదని చైర్మన్ నరహరి గారు చెప్పారు. రాష్ట్రంలో కూడా ఉండదని నాకనిపించింది, పైకి అనలేదు. చేరిన మొదటి రోజు కదా.

ఫోన్ చేయకు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ట్యాంకు మీద అప్పటికే ముగ్గురు లెక్చరర్లు ఉంటారు. అందుకే ఈ ఉత్తరం. హాస్టల్లో మంచం మీంచి మంచం మీదకి చీటీలు విసురుకున్నవాళ్లమే కదా, మనకేం కొత్త.

సంగతేమిటంటే, చైర్మన్ గారు హైదరాబాదులో ఏదో సదస్సుకు వెళ్లి ఒక కాగితం తెచ్చుకున్నారు. అమెరికాలో ఏదో కాలేజీ వాళ్ల ఫుట్‌బాల్ రికార్డుల పట్టిక. వాళ్ల ఆటలో బంతిని తన్నడం తక్కువ, చేత్తో పట్టుకుని ఉరకడమే ఎక్కువ. ఎవరు, ఏ సంవత్సరం, బంతి పట్టుకుని ఎన్ని గజాలు పరుగెత్తారు. ఒక్క ఆటలో ఎన్ని, ఒక్క సీజనులో ఎన్ని, చదువు ముగిసేనాటికి మొత్తం ఎన్ని. తొంభై ఏళ్ల కిందట ఎవరో మూడు గజాలు పరుగెత్తితే అది కూడా ఉంది. ఆ కాగితాన్ని ఆయన లామినేషన్ చేయించుకున్నారు.

"అమ్మా ఫరహా, చూసినవా? ఆడ ఏ పోరడు ఏ ఏడు ఎంత ఉరికిండో రాసి పెట్టుకున్నరు. మన దగ్గర ఎవడు ఉరికిండో ఎవ్వనికన్న ఎరుకనా? గందుకే ఎనుకబడ్డం."

"అవ్ సార్."

"మార్చిల తనిఖీ కమిటీ వస్తది. విద్యార్థుల వ్యక్తిగత రికార్డులకు మార్కులున్నయి. కబడ్డీ పెడితే మనకంటె మంచిగ ఆడేటోళ్లు పదూర్లల్ల ఉన్నరు. గీ ఆట ఈ చుట్టుపక్కల ఎవ్వడు ఆడడు. మన పిల్లలు ఏం జేసినా అదే రికార్డు!"

సోనీ, నేను రెండేళ్లు సంభావ్యతా సిద్ధాంతం చదివాను. ఇంత గట్టి వాదన ఏ పుస్తకంలోనూ చూడలేదు.

ఆడపిల్లల జట్టయితే ఇంకా మార్కులట. పదిహేను మంది పేర్లిచ్చారు. అసలు ఆటలో ఒక్కోవైపు పదకొండు మంది ఉండాలి, మేం ఏడుగురితో సరిపెట్టాం. మీద పడి పడగొట్టడం అసలు పద్ధతి. తల్లిదండ్రులు కాలేజీ మీద పడతారని పీడీ తుల్సీరాం సార్ దాన్ని మార్చారు. నడుముకు గుడ్డపేలిక కట్టుకోవాలి, అది పీకితే దొరికిపోయినట్టు. బంతి మాత్రం అసలుదే వచ్చింది. రెండు చివర్లా పట్టి లాగిన ఖర్బూజపండులా ఉంది. ఎక్కడ పడుతుందో దానికే తెలీదు.

నా పని గీత దగ్గర నిలబడి ఎవరు ఎన్ని గజాలు పరుగెత్తారో రాయడం. మా అబ్బా కుట్టు టేపు ఒకటి ఇచ్చి పంపాడు. ఇన్నేళ్ల దర్జీ పనిలో ఆయన కొలవనన్ని గజాలు నేను వారంలో కొలిచాను. పేర్లు రాయబోతే తుల్సీరాం సార్ ఆపారు. "నంబరు రాయమ్మా, చొక్కా మీద నంబరు. ఆడ గట్లనే రాస్తరు."

ఇంతకీ మీ చెల్లి హేమ్లి జట్టులో ఉంది. మొదటి రోజు బంతి అందుకుని ఎటు పోవాలని అడిగింది. అటు అన్నాను. అంతే, కనబడలేదు.

నీ
ఫరహా

*

ఖమ్మం
3 సెప్టెంబరు 2024

ఫరహా,

నవ్వాను. ల్యాబ్‌లో రక్తం తీస్తూ గుర్తొచ్చి నవ్వితే పేషెంటు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

చెల్లె పరుగు సంగతి నీకిప్పుడు తెలిసింది. మా తండాలో మొక్కజొన్నకు కాపలా పడుకునేది మా నాయన హాతీరాం, పందుల వెంట ఉరికేది హేమ్లి. పంది ఎటు తిరిగితే అటు తిరిగేది. నాయన మంచె మీంచి "ఓ బిడ్డా, ఇగ ఇడిసిపెట్టు, పాపం దాన్ని" అని అరిచేవాడు.

నువ్వు నవ్వులాటగా రాశావు కానీ ఒక మాట నిజంగా విను. హేమ్లికి వ్యాయామ టీచర్ కావాలని ఉంది. ఈ ఏడు డిగ్రీ అయిపోతుంది. ఆ కోర్సులో క్రీడా కోటా సీటుకు, ఏ ఆటయినా సరే, కాలేజీ ఇచ్చిన వ్యక్తిగత రికార్డు సర్టిఫికెట్ ఉంటేనే ఎంపికకు పిలుస్తారట. ఇంటర్‌లో ఖోఖో ఆడింది, జిల్లా దాకా పోయింది. సర్టిఫికెట్ అడిగితే, జట్టుకు ఒకటే ఇచ్చారు, అది ప్రిన్సిపాల్ గది గోడకు ఉంది, చూసి పొమ్మన్నారు. చూసి వచ్చింది.

ఈసారి రాసేది నువ్వు. అందుకే నాకు బెంగ లేదు. ఎంత ఉరికితే అంత రాయి. ఒక్క గజం ఎక్కువ వద్దు.

సోని

*

భద్రాచలం
2 డిసెంబరు 2024

సోనీ,

సీజను ముగిసింది. ఆలస్యానికి తిట్టకు. పన్నెండు ఆటలు, పన్నెండూ మాతో మేమే ఆడాం. వేరే జట్టు లేదు కదా. చైర్మన్ గారు జట్టును రెండుగా చీల్చి ఒకదానికి గోదావరి, ఒకదానికి కిన్నెరసాని అని పేర్లు పెట్టారు. ఎవరు గెలిచినా మర్నాడు పేపర్లో మా కాలేజీ విజయం అని వస్తుంది. ఓడిపోయింది కూడా మేమేనని ఏ విలేఖరీ రాయలేదు.

శిరస్త్రాణాలు ఆరే వచ్చాయి. మిగతావాళ్లు లెక్చరర్ల బండి హెల్మెట్లు పెట్టుకున్నారు. ఫిజిక్స్ సార్ హెల్మెట్‌లో ఆయన జుట్టు నూనె వాసన తట్టుకోలేక గోదావరి జట్టు పిల్ల ఒకతి ఆట మధ్యలో బయటికి నడిచి వెళ్లిపోయింది. నేను దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక "ఇతరములు" అని ఒక గడి గీశాను. ఇప్పుడు అన్నిటికంటే నిండుగా ఉన్నది ఆ గడే. అందులో రెండు గేదెలు, ఒక పెళ్లి ఊరేగింపు, గడ్డికి వచ్చిన ఒక ముసలమ్మ ఉన్నారు. ఆవిడ మైదానం మధ్యలో కూర్చుని, "మీరు ఉరుకుండ్రి బిడ్డా, నా పని నేను చేస్కుంట" అంది. ఆవిడ్ని తప్పించుకుని పరుగెత్తడం కూడా ఆటలో భాగమైపోయింది.

హేమ్లిని చూడాలి నువ్వు. మొన్న చివరి ఆటలో ఏడుగురూ ఒకేసారి మీదకొచ్చారు. ఆగింది. పేలిక వైపు చేతులు చాచినవాళ్లు చాచినట్టే ఉన్నారు, మధ్యలో పిల్ల లేదు. తుల్సీరాం సార్ విజిల్ ఊదడం మరిచి "అరె, అరె, అరె" అంటూ గీత వెంట తనూ పరుగెత్తారు. నలభై ఆరు గజాలు. నమ్మకం కుదరక టేపుతో రెండుసార్లు కొలిచాను.

సీజను మొత్తానికి కాలేజీ వ్యక్తిగత రికార్డు వెయ్యీ ఎనభై మూడు గజాలు. గోడ మీద పసుపు రంగుతో రాయించారు. చైర్మన్ గారు గోడ ముందు నిలబడి పదకొండు ఫొటోలు దిగారు.

చలి మొదలైంది. క్వార్టర్స్ గది చిన్నదే కానీ కిటికీ అడవి వైపు తెరుచుకుంటుంది. తలుపుకు నా తాళం, తాళంచెవి నా దగ్గర. కల్లూరులో అబ్బా దుకాణంలో చొక్కాలకు కాజాలు కుడుతూ కూర్చున్న రోజుల్లో ఇదొక్కటే కోరుకున్నాను.

ఫరహా

*

ఖమ్మం
16 జనవరి 2025

ఫరహా,

నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. గేదెలు ఎన్ని వచ్చాయో రాశావు. ముసలమ్మ ఏమందో రాశావు. వెయ్యీ ఎనభై మూడు పక్కన పేరు రాయలేదు.

హేమ్లి సెలవులకు వచ్చింది. నాలుగో రోజు రొట్టెలు చేస్తూ చెప్పింది. "అక్కా, గోడ మీద అందరికంటె పైన శ్రీహిత అని ఉంది. అందరికంటె కింద నా పేరు. పక్కన సున్నా."

ఈ శ్రీహిత ఎవరు?

సోని

*

భద్రాచలం
25 జనవరి 2025

సోనీ,

కంగారు పడకు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. జరిగింది జరిగినట్టు వివరిస్తాను.

శ్రీహిత చైర్మన్ గారి మేనకోడలు. మా కాలేజీ విద్యార్థినే, కాకపోతే హైదరాబాదులో ఉంటుంది. జట్టు జాబితాలో ఆమె పేరు మొదటి నుంచీ ఉంది. ఏడో నంబరు చొక్కా ఆమె కొలతలతోనే వచ్చింది. స్టాకు రిజిస్టరులో ఆమె పేరుకే ఇచ్చినట్టు సంతకం ఉంది. హేమ్లికి ఇచ్చింది పందొమ్మిదో నంబరు చొక్కా. అది మోకాళ్ల దాకా వేలాడుతుందని, ఏడో నంబరు ఖాళీగా ఉందని, హేమ్లి అది తొడుక్కుంది.

నేను నియమం ప్రకారం నంబర్లే రాశాను. సీజను మధ్యలోనే ఆఫీసువారు నంబర్లకు రిజిస్టరు చూసి పేర్లు కలపడం మొదలుపెట్టారు. ఆ విధంగా ఏడో నంబరు గజాలు ఏడో నంబరు వారికి చేరాయి. పందొమ్మిదో నంబరు చొక్కా ఒక్కరోజు కూడా మైదానంలోకి రాలేదు కనుక దానికి సున్నా. గణాంకశాస్త్ర రీత్యా పట్టికలో తప్పు లేదు. వర్గీకరణలో కొంత సందిగ్ధత ఉంది.

సరిదిద్దే ప్రక్రియ ఉంటుంది. తనిఖీ అయ్యాక చూద్దామని పై నుంచి అన్నారు. ఈ సమయంలో గోడను కదిలిస్తే మార్కులు పోతాయట. నా పోస్టు పర్మనెంటు చేసే విషయం కూడా అప్పుడే తేలుతుంది. అర్థం చేసుకుంటావని అనుకుంటాను.

ఇట్లు
ఫరహా

*

ఖమ్మం
9 ఫిబ్రవరి 2025

ఫరహా తబస్సుం గారికి,

"ఇట్లు" అని నాకు ఎప్పుడూ రాయలేదు. అది చూడగానే సగం అర్థమైంది.

మిగతా సగం హేమ్లి చెప్పింది. అక్టోబరులో, నాలుగో ఆట అయిన రోజు, ఆఫీసు పట్టిక చూసి నీ గదికి వచ్చిందట. "ఫరహక్కా, ఏడు నంబరు నాది కాదంట. నా పేరు రాస్తవా?" అని అడిగిందట. నువ్వు చాయ్ ఇచ్చావు. "రాస్త తియ్" అన్నావు. ఆ తరువాత ఎనిమిది ఆటలు అయినయి. ఎనిమిదింటిలోనూ నువ్వు గీత దగ్గరే నిలబడ్డావు. ఎనిమిదింటిలోనూ ఏడు అనే రాశావు. గీత దగ్గర నిన్ను చూస్తూనే ఉరికింది నా చెల్లె. నువ్వు రాస్తానన్నావు కాబట్టి ఉరికింది.

ఆఫీసు కలిపింది, నియమం కలిపింది, పై నుంచి అన్నారు. నీ ఉత్తరంలో అందరూ ఉన్నారు. నువ్వు లేవు.

చైర్మన్ మీద కోపం రాలేదు నాకు. ఆయన ఎవరో నాకు తెల్వదు. నువ్వు తెలుసు. మెస్సులో నాకు ఒక గరిటె తక్కువేస్తే ప్లేటు ఎత్తి వార్డెన్ ముందు పెట్టినదానివి.

ఏప్రిల్ ఆఖరుకు దరఖాస్తు పంపాలి. సర్టిఫికెట్ లేకపోతే పిలుపు రాదు. వచ్చే ఏడు ఆ కాలేజీ పిల్ల కాదు కాబట్టి ఇంకెప్పుడూ రాదు. నాయనకు ఇంకా చెప్పలేదు. ఆయన తండాలో అందరికీ వెయ్యి గజాలంటే ఎంత దూరమో చెప్తున్నాడు. మా బడి నుంచి వాగు దాకా అట.

జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. పేరు రాయి.

సోని

*

అబ్బా దుకాణం, కల్లూరు
24 మార్చి 2025

సోనీ,

కల్లూరు అని చూసి నీకు అర్థమై ఉంటుంది. రంజాన్ నెల, దర్జీ దుకాణం. పండుగకు ఇక వారమే. కాజాకు కాజాకు మధ్య రాస్తున్నాను. చేతిరాత బాగుండదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు చాలాసేపు కోపంగా ఉన్నాను, నీ మీద. సరైన మాట అన్నవాళ్ల మీద వచ్చే కోపం. చాయ్ సంగతి కూడా నిజమే. అక్టోబరులోనే తెలుసు. మర్నాడే చైర్మన్ గారి దగ్గరికి వెళ్లాను కూడా. "శ్రీహిత పేరు గట్లనే ఉండనియ్ అమ్మా. నీ పోస్టు నేను చూస్కుంట" అన్నారు. అవ్ సార్ అన్నాను. అమెరికా కాగితం మీద నవ్వినట్టే ఆ మాట మీద కూడా నీకు రాసి నవ్విద్దామనుకున్నాను. కలం కదల్లేదు. అప్పుడైనా తెలుసుకోవాల్సింది.

శ్రీహితకు ఫోన్ చేశాను, ట్యాంకు ఎక్కి. పాపం, మంచి పిల్ల. "అక్కా, నాకు ఆ బంతి గుండ్రంగ ఉంటదా పొడుగ్గ ఉంటదా అది కూడ తెల్వదు. మామయ్య సంతకం పెట్టమంటె పెట్టిన. నువ్వు తీసెయ్, నేనేం అనుకోను" అంది. ఇన్ని నెలలు నేను భయపడ్డది ఈ పిల్లకా అనిపించింది. కాదులే, నా తాళంచెవికి భయపడ్డాను.

తరువాత రికార్డు పుస్తకం ముందేసుకున్నాను. అమెరికా కాగితంలో ఒక నిజాయితీ ఉంది సోనీ. అందరి గజాలూ కూడితే జట్టు మొత్తం రావాలి. ఒకరికి పెంచితే ఇంకొకరికి తగ్గాలి. హేమ్లికి ఊరికే ఇచ్చేందుకు గజాలు ఎక్కడా లేవు. శ్రీహిత దగ్గర తీయాల్సిందే. పన్నెండు ఆటల్లో ప్రతి పరుగు పక్కనా ఎర్ర సిరాతో "చొక్కా 7, పరుగు హేమ్లి" అని రాసి, ప్రతి పేజీ కింద జట్టు పిల్లలతో సంతకాలు పెట్టించాను. అందరూ పెట్టారు. హేమ్లిని కూడా అడిగాను. "నేను పెట్టను. నేను ఉరికిన. రాసుడు నీ పని" అంది. పెట్టలేదు.

పద్దెనిమిదో తారీఖున కమిటీ వచ్చింది. గోడ ముందు కుర్చీలు, కొబ్బరినీళ్లు. కమిటీలో పెద్దావిడ ఒకరు, కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని, "ఈ శ్రీహిత ఎవరమ్మా, ఒకసారి పిలవండి" అన్నారు. చైర్మన్ గారు "జ్వరం మేడమ్" అన్నారు. నేను రోజా ఉన్నాను, పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. అయినా లేచాను.

"మేడమ్, జ్వరం లేదు. ఏడో నంబరు చొక్కా శ్రీహితది. పరుగు హేమ్లిది. పట్టిక నేను రాసిందే. తప్పని అక్టోబరు నుంచి నాకు తెలుసు" అని పుస్తకం ఆవిడ ఒళ్లో పెట్టాను.

తుల్సీరాం సార్ తన బూట్లు చూసుకున్నారు. చైర్మన్ గారు కొబ్బరిబోండంలో స్ట్రా అడుగుదాకా చప్పుడు చేస్తూ పీల్చారు. అంతసేపే పట్టింది ఆయనకు. బోండం కింద పెట్టి లేచి, చేతులు చాచి, "మేడమ్! గిరిజన బిడ్డ! తండా బిడ్డ! అడవిల మాణిక్యం. నేనే గుర్తువట్టిన. ఇయ్యాల మీ సమక్షంల ప్రకటిద్దామని ఆగినం!" అన్నారు.

పెద్దావిడ కళ్లజోడు దించుకుని, తీరిగ్గా ఎర్ర సిరా చదివారు. "ప్రకటన తర్వాత చేద్దురు గాని, ముందు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టండి. నేను చూస్తాను" అన్నారు. నేను కాగితం సిద్ధంగానే పెట్టుకున్నాను. సంతకం, ముద్ర, అన్నీ అక్కడే అయిపోయాయి. ఈ కవరులో ఉంది, మడవలేదు. హేమ్లికి నేనివ్వబోతే "అక్కకు పంపు" అంది.

మర్నాటికి గోడ రంగు మారింది, శ్రీహిత ఉన్నచోట హేమ్లి పేరు వచ్చింది. గేటుకు ఫ్లెక్సీ కట్టారు. చైర్మన్ గారు నిలువెత్తు, మూలన హేమ్లి స్టాంపు సైజు. నాకు కూడా ఒక కాగితం ఇచ్చారు. "గణాంకాల నమోదులో తీవ్ర నిర్లక్ష్యం వహించినందున" తీసేశారు. రెండుసార్లు చదివాను. ఈ ఏడాదంతా ఆ కాలేజీ నుంచి బయటికొచ్చిన కాగితాల్లో పూర్తిగా నిజం ఉన్నది అదొక్కటే.

అబ్బా ఏమీ అడగలేదు. "వచ్చినవా బిడ్డా, మంచిగైంది, పైజామాలు ఆగిపోయినయి" అన్నాడు. ఎంతకాలం ఇక్కడ కూర్చుంటానో తెలీదు. ఎక్కువకాలం మాత్రం కాదు.

హేమ్లి నన్ను క్షమించిందా? నువ్వు?

ఫరహా

*

ఖమ్మం
19 జూన్ 2025

ఫరహా,

హేమ్లిని అడగలేదు. అలాంటివి మధ్యవాళ్లు అడగకూడదు. నా సంగతి ఇది: మూడు నెలలు జవాబు రాయలేదు, ఇవాళ రాస్తున్నాను. అంతే అనుకో.

సర్టిఫికెట్ చూసి పిలిచారు. నిన్న ఎంపిక. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను, నాయన కూడా తలపాగా కట్టుకుని వచ్చాడు. ముగ్గురు సార్లు బల్ల వెనక కూర్చున్నారు. ఒకాయన సర్టిఫికెట్ అటు తిప్పి ఇటు తిప్పి, "ఏందమ్మా ఈ ఆట? ఎన్నడు వినలేదు. జర ఆడి చూపియ్" అన్నాడు.

"ఒక్కదాన్ని ఆడరాదు సార్. ఎవరన్న పట్టుకోవాలె."

అక్కడ కబడ్డీకి వచ్చిన పిల్లలు ఆరుగురు కూర్చుని ఉన్నారు. నల్గొండ వాళ్లట, ఒక్కొక్కతి స్తంభంలా ఉంది. సార్ వాళ్లను లేపాడు. హేమ్లి చున్నీ అంచు చింపి నడుముకు పేలిక కట్టుకుంది. "దీన్ని పీకితే మీరు గెలిచినట్టు" అని వాళ్లకు చెప్పింది. "బంతి ఏది?" అన్నాడు సార్. బంతి ఎక్కడిది? అటూ ఇటూ చూసి, బల్ల మీద ఉన్న తన ఫైలే తీసుకుంది. మెమోలు, కుల పత్రం, నువ్వు పంపిన సర్టిఫికెట్ అన్నీ అందులోనే. చంకలో పెట్టుకుంది.

"ఒసేయ్, కాగితాలు!" అని అరిచాను.

విజిల్ ఊదారు. మొన్నటి వానకు గ్రౌండు సగం బురద. మొదటి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. మూడో పిల్ల పేలిక మీదకు వంగింది, దానికి గాలి దొరికింది. మిగతా ముగ్గురూ చేతులు పట్టుకుని కబడ్డీ గొలుసు కట్టారు. నాయన నా పక్కన నిలబడి, "ఎడమకు బిడ్డా, ఎడమకు!" అని అరుస్తున్నాడు. ఆమె కుడికి పోయింది. గొలుసు ఎడమకు పోయింది.

గీత దాటింది. ఆగలేదు. సైకిల్ స్టాండు దాటింది, చాయ్ బండి దాటింది. సార్లు ముగ్గురూ బల్ల మీదకు వంగి చూస్తున్నారు. గేటు దగ్గర తిరిగి నిలబడి ఫైలు పైకెత్తి చూపింది. ఒక్క కాగితం జారలేదు.

ఇవాళ పొద్దున జాబితా పెట్టారు. పేరు ఉంది. హేమ్లి, తండ్రి హాతీరాం. నంబరు లేదు, పేరే.

ఆ పెద్ద సార్ నిన్న హేమ్లి తిరిగి రాగానే, "శాబాష్. ఎన్ని గజాలు వచ్చినయ్?" అని పక్కాయన్ని అడిగాడు. పక్కాయన అటెండర్ వైపు చూశాడు. అటెండర్ నా వైపు చూశాడు.

ఎవ్వరం రాసుకోలేదు.

సోని